కంప్రెసర్ రంగు ఎక్కడ పుడుతుంది? జానపద పాట రికార్డు చేసేవాళ్లకు మెట్టు మెట్టుగా

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు చుట్టుపక్కల ఒక గది, రెండు మైకులు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కంప్యూటర్‌తో జానపద పాటలు రికార్డు చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లు కలిస్తే కంప్రెసర్, అంటే సప్పుడు మరీ పెరిగినప్పుడు దాన్ని తానే తగ్గించే పెట్టె, ముచ్చట రాక మానదు. "ట్యూబ్ కంప్రెసర్ పెడితే గొంతు నిండుగ వస్తది" అని ఒకరంటే, "ప్లగిన్‌ల ఆ రంగు రాదు" అని ఇంకొకరు అంటారు. ఈ వాదన చాలావరకు తప్పు చోట జరుగుతోందని నా అభిప్రాయం.

కంప్రెసర్ పెట్టెలో రంగు మూడు చోట్ల పుడుతుంది. సిగ్నల్ నడిచే దారిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులు ఒకటి. గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, తగ్గించే భాగం రెండోది. ఎప్పుడు తగ్గించాలో, ఎంతసేపటికి వదలాలో తేల్చే టైమింగ్ సర్క్యూట్ మూడోది. అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు. డప్పు మీదా, ఎత్తిన గొంతు మీదా అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చేది మూడోది. ఈ మాటను మీరు నమ్మనక్కర్లేదు. మీ దగ్గరున్న పెట్టెతోనో, కంప్యూటర్‌లో అదే పని చేసే ప్రోగ్రాం అయిన ప్లగిన్‌తోనో కొలిచి చూసుకునే దారి కింద ఉంది. చివర్లో రెండు చిప్పులు, ఒక ఎల్‌డీఆర్ (వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే రెసిస్టర్)తో సొంతంగా ఒక కంప్రెసర్ కట్టుకునే పద్ధతి కూడా ఉంది.

మొదటి మెట్టు: దేన్ని రంగు అంటున్నామో తేల్చుకోవడం

ఒకే ఒక్క స్వరం, అంటే శుద్ధమైన సైన్ వేవ్, లోపలికి పంపితే బయటకు అదొక్కటే రావాలి. సర్క్యూట్ ఏ కొంచెం వంకరగా ఉన్నా దాని రెట్టింపులు, మూడింతలు, నాలుగింతలు కూడా వెంట వస్తాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. సంగీతం తెలిసినవాళ్లకు ఇది సులువు. 200 హెర్ట్జ్ మీ షడ్జం అనుకుంటే రెండో హార్మోనిక్ 400, అంటే పైస్థాయి షడ్జం. మూడోది 600, పైస్థాయి పంచమం. నాలుగోది 800, ఇంకో స్థాయి పైన మళ్లీ షడ్జమే. ఐదోది 1000, ఆ పైన అంతర గాంధారం. రెండోది కలిస్తే స్వరం లావెక్కినట్టు ఉంటుంది, వేరే సప్పుడు చేరినట్టు తెలియదు. మూడోది కలిస్తే అంచు, మెరుపు వస్తాయి. ఐదు, ఏడు పెరిగితే గరగర మొదలవుతుంది.

కొలతకు రెండు అంకెలు గుర్తుంటే చాలు. హార్మోనిక్ అసలు స్వరం కంటే 40 డెసిబెల్స్ కింద ఉంటే అది 1 శాతం, 60 డెసిబెల్స్ కింద ఉంటే 0.1 శాతం.

ఇదంతా ఒక్క స్వరం ఉన్నప్పటి లెక్క. రెండు స్వరాలు కలిసి వంకర సర్క్యూట్‌లోంచి పోతే వాటి కూడిక, తీసివేతలు కూడా పుడతాయి. 200, 300 కలిస్తే 500, 100 వచ్చేస్తాయి. ఈ జంటకైతే అవి శ్రుతిలోనే పడ్డాయి. 200, 270 కలిస్తే వచ్చే 470, 70 ఏ శ్రుతిలోనూ కుదరవు. అందుకే ఒంటరి గొంతు మీద బాగున్న రంగు మొత్తం పాట మీద పెడితే మురికిగా వినిపిస్తుంది. రంగు కావాలంటే ఒక్కో ట్రాక్ మీద విడిగా వేయండి, మిక్స్ మీద చెయ్యి కట్టేసుకోండి.

రెండో మెట్టు: కొలిచే ఏర్పాటు

ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి కంప్రెసర్‌కు, కంప్రెసర్ నుంచి తిరిగి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు కేబుల్ వేయండి. మైక్ ఇన్‌పుట్‌లోకి పెట్టొద్దు. ఆ ప్రీయాంప్ వంకర కూడా లెక్కలో కలుస్తుంది. కంప్రెసర్ పెట్టకముందు ఒట్టి కేబుల్‌తో ఒకసారి కొలిచి ఆ ఫలితం దాచుకోండి. మీ ఇంటర్‌ఫేస్ సొంత మచ్చలు ఏవో అందులో తెలుస్తాయి.

స్వరాలు పుట్టించడానికి, స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపించే గీత) చూడటానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోతుంది. హార్మోనిక్స్ శాతం నేరుగా చూపించాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ ఉంది, అదీ ఉచితమే. ప్లగిన్ పరీక్షించేవాళ్లకు కేబుల్ పని లేదు. టోన్ ఫైల్ మీద ప్లగిన్ వేసి రెండర్ చేసి స్పెక్ట్రమ్ చూడటమే.

లెవెల్ దగ్గర జాగ్రత్త. పాత స్టూడియో పెట్టెలు చాలావరకు ప్లస్ 4 డీబీయూ లెవెల్‌కు తయారైనవి, అంటే 1.23 వోల్టులు. మామూలు మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్ మీద పెట్టి, 100 హెర్ట్జ్ టోన్ పంపుతూ, 1.23 వచ్చేదాకా కంప్యూటర్‌లో లెవెల్ పెంచండి. చౌక మల్టీమీటర్లు తక్కువ ఫ్రీక్వెన్సీలోనే సరిగ్గా చూపిస్తాయి కాబట్టి 100 హెర్ట్జ్ అన్నాను. ఆ దగ్గర మీ ప్రోగ్రాంలో ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి. అదే ఇక మీ సున్నా గుర్తు. ఈ గుర్తు లేకుండా "నా కంప్రెసర్‌లో రంగు లేదు" అనడం కుదరదు, అసలు సరిపోయినంత సిగ్నల్ పంపారో లేదో తెలియదు కాబట్టి.

మొదట టోన్‌లు రెండు చాలు: 40 హెర్ట్జ్, 1000 హెర్ట్జ్. కింది కొలతకు 50 వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. హమ్ 50, 100, 150ల మీద ఎప్పుడూ ఉంటుంది, ఏది హమ్మో ఏది హార్మోనికో పోల్చలేరు.

మూడో మెట్టు: కంప్రెషన్ లేకుండా దారి రంగు

త్రెషోల్డ్, అంటే ఏ లెవెల్ దాటితే తగ్గింపు మొదలవ్వాలో చెప్పే నాబ్, పూర్తిగా పైకి పెట్టండి, మీటర్ సూది కదలకూడదు. ఇప్పుడు పెట్టె ఒట్టి యాంప్లిఫైయర్. 1000 హెర్ట్జ్ పంపి స్పెక్ట్రమ్ చూడండి, తర్వాత 40 పంపండి. లెవెల్‌ను 6 డెసిబెల్స్ పెంచి మళ్లీ రెండూ చూడండి.

1000 దగ్గర శుభ్రంగా ఉండి, 40 దగ్గర మూడో హార్మోనిక్, అంటే 120, పైకి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు. ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం వోల్టేజిని బట్టి పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గినకొద్దీ కూడా పెరుగుతుంది. అదే వోల్టేజికి 80 హెర్ట్జ్ కంటే 40 హెర్ట్జ్ రెట్టింపు ప్రవాహం పుట్టిస్తుంది. కోర్ నిండిపోతే అల రెండు అంచులూ సమానంగా గుండ్రబడతాయి, మూడో హార్మోనిక్ వస్తుంది. బేస్ మాత్రమే కొంచెం లావెక్కి, పైన గొంతు శుభ్రంగా ఉండిపోవడం ట్రాన్స్‌ఫార్మర్ మంచి గుణం.

రెండు ఫ్రీక్వెన్సీల దగ్గరా రెండో హార్మోనిక్ సమానంగా కనిపిస్తే ఒంటి ట్యూబో, ఒంటి ట్రాన్సిస్టరో పని చేస్తున్నట్టు. రెండు ట్యూబులను ఎదురెదురుగా, పుష్-పుల్‌లో కడితే సరి సంఖ్య హార్మోనిక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేసివి మిగులుతాయి. "ట్యూబ్ అంటే రెండో హార్మోనిక్" అనే మాట సగమే నిజం.

తక్కువ ధర పెట్టెల్లో ఒక కిటుకు ఉంది. ట్యూబ్‌కు 200, 250 వోల్టులు ఇవ్వాల్సిన చోట కొన్ని పదుల వోల్టులే ఇచ్చి, వెనక ఒక నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలిగిస్తారు. అద్దంలోంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఈ మెట్టులో కొలిచి చూడకుండా అలాంటిదానికి డబ్బు పెట్టొద్దు. ఇంకొక మాట. నిజమైన ట్యూబ్ పెట్టె మూత తీయకండి. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

నాలుగో మెట్టు: గెయిన్ తగ్గించే భాగం

ఇప్పుడు 1000 హెర్ట్జ్ టోన్ మీద మీటర్ 6 డెసిబెల్స్ తగ్గింపు చూపించేలా త్రెషోల్డ్ దింపండి. రిలీజ్, అంటే తగ్గింపును వదిలే వేగం, బాగా నెమ్మదిగా పెట్టండి. మూడో మెట్టులో లేని హార్మోనిక్స్ ఇక్కడ కొత్తగా వస్తే అవి గెయిన్ తగ్గించే భాగానివే. ఏ భాగం ఏం చేస్తుందో చూద్దాం.

ఆప్టో. దీని పెద్దమనిషి ఎల్‌ఏ-2ఏ, 1960లలో జిమ్ లారెన్స్ తయారుచేసిన టెలిట్రానిక్స్ పెట్టె. అందులో టీ4 అనే చిన్న డబ్బా ఉంటుంది. సిగ్నల్ పెరిగితే లోపల ఒక ఎలక్ట్రోల్యూమినెసెంట్ పలక వెలుగుతుంది, ఆ వెలుగు క్యాడ్మియం సల్ఫైడ్ రెసిస్టర్ మీద పడుతుంది, రెసిస్టెన్స్ తగ్గి సిగ్నల్‌లో కొంత భూమికి పోతుంది. ఈ రెసిస్టర్ నిజంగానే రెసిస్టర్‌లా నడుచుకుంటుంది కాబట్టి దానంతట అది తెచ్చే హార్మోనిక్స్ తక్కువ. ఎల్‌ఏ-2ఏ రంగు చాలావరకు దాని ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆ వెలుగు నెమ్మదిగా చల్లారే తీరులోంచి వస్తుంది.

ఎఫ్ఈటీ. ఇదొక రకం ట్రాన్సిస్టర్. బిల్ పుట్నమ్ 1967లో తెచ్చిన 1176 అనే కంప్రెసర్ దీనికి పేరు. గేట్ అనే కాలు మీది వోల్టేజిని బట్టి ఎఫ్ఈటీ రెసిస్టర్‌లా మారుతుంది. కాకపోతే దాని రెండు కొసల మధ్య సిగ్నల్ చాలా చిన్నగా ఉంటేనే. పెరిగితే ఆ రెసిస్టెన్స్ అలతో పాటే ఊగుతుంది, పైభాగానికి ఒక విలువ, కిందిభాగానికి ఒక విలువ. దాంతో రెండో హార్మోనిక్ వస్తుంది. డ్రెయిన్ అనే ఇంకో కాలు మీది సిగ్నల్‌లో సగం తెచ్చి గేట్‌కు కలిపితే ఇది చాలా తగ్గుతుంది. 1176 తర్వాతి రివిజన్లలో తక్కువ నాయిస్ సర్క్యూట్ వచ్చాక మొదటివాటి కంటే శుభ్రమయ్యాయి. పాత నీలం గీత పెట్టెనూ, తర్వాతి నల్ల పెట్టెనూ అనుకరించే ప్లగిన్‌లు విడివిడిగా అమ్మేది అందుకే. రేషియో, అంటే త్రెషోల్డ్ దాటినదాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలో చెప్పే బటన్లు నాలుగూ ఒకేసారి నొక్కితే బయాస్ పక్కకు జరిగి వంకర బాగా పెరుగుతుంది. డప్పుకు గదిలో దూరంగా పెట్టిన మైక్ మీద అది సరదాగా ఉంటుంది, గొంతు మీద రోజూ వాడే పని కాదు.

వేరియబుల్ మ్యూ. ఇందులో ట్యూబే గెయిన్ తగ్గిస్తుంది. గ్రిడ్‌ను ఇంకా నెగెటివ్‌గా లాగితే గెయిన్ మెల్లగా పడిపోయే రకం ట్యూబులు కావాలి. రెయిన్ నార్మా డిజైన్ చేసిన ఫెయిర్‌చైల్డ్ 670లో మొత్తం 20 ట్యూబులు, గెయిన్ పని 6386 అనే రకం ట్యూబులది. రిలీజ్ 0.3 సెకన్ల నుంచి 25 సెకన్ల దాకా. ఎంత గట్టిగా కొడితే రేషియో అంత పెరుగుతుంది. తగ్గింపు ఎక్కడ మొదలైందో చెవికి దొరకకపోవడం దీని అందం.

డయోడ్ బ్రిడ్జి. నీవ్ కంపెనీ 2254 పెట్టె ఈ తరహాది, 1969 నాటిది. డయోడ్‌లోంచి పోయే కరెంటు మారిస్తే చిన్న సిగ్నల్‌కు దాని రెసిస్టెన్స్ మారుతుంది: ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర సుమారు 26 ఓమ్‌లు. అయితే సిగ్నల్‌ను కొద్ది మిల్లీ వోల్టులకు కుదిస్తేనే అది పద్ధతిగా ఉంటుంది. కుదించినదాన్ని తర్వాత బాగా పెంచాలి, దాంతో నాయిస్ కూడా పెరుగుతుంది. బ్రిడ్జి సమతూకంలో ఉంటే మూడో హార్మోనిక్ ముందుంటుంది. ఆ మందమైన, కొంచెం గరుకైన పట్టు దానిదే.

వీసీఏ. అంటే వోల్టేజి చెప్పినట్టు గెయిన్ మార్చే యాంప్లిఫైయర్; డీబీఎక్స్ కంపెనీ పెట్టిన డేవిడ్ బ్లాక్మర్ సర్క్యూట్ నుంచి వచ్చింది. ట్రాన్సిస్టర్ల లాగరిథం గుణంతో గెయిన్‌ను లెక్క ప్రకారం మారుస్తుంది. హార్మోనిక్స్ అతి తక్కువ. చాలామంది దీన్ని "రంగు లేనిది" అంటారు. డీబీఎక్స్ 160 విన్నవాళ్లు ఆ మాట అనరు. దాని రంగు అంతా టైమింగ్‌లో ఉంది, కాబట్టి అసలు విషయానికి వద్దాం.

ఐదో మెట్టు: టైమింగ్ తెచ్చే రంగు

టోన్‌ను 80 హెర్ట్జ్‌కు మార్చండి. తగ్గింపు 6 డెసిబెల్స్ దగ్గరే ఉంచండి. అటాక్, అంటే తగ్గింపు పట్టుకునే వేగం, అన్నిటికంటే వేగంగా పెట్టి, రిలీజ్‌ను నెమ్మది నుంచి వేగానికి మెల్లగా తిప్పుతూ స్పెక్ట్రమ్‌లో 240 దగ్గర చూడండి. ఏమీ లేని చోట ఒక ముల్లు లేచి, మీరు తిప్పినకొద్దీ పెరుగుతుంది. ట్యూబ్ మారలేదు, ట్రాన్స్‌ఫార్మర్ మారలేదు, ఒక్క రిలీజ్ మారింది. చాలా పెట్టెల్లో ఈ ముల్లు, మూడో మెట్టులో చూసిన అన్ని హార్మోనిక్స్ కంటే ఎత్తుగా ఉంటుంది.

కారణం ఇది. 80 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 12.5 మిల్లీ సెకన్లు. సిగ్నల్ ఎంత ఉందో కొలిచే డిటెక్టర్ ఆ అలను రెక్టిఫై చేస్తే, అంటే కింది సగాన్ని పైకి తిప్పితే, ప్రతి చుట్టుకు రెండు గుట్టలు వస్తాయి, అంటే 160 హెర్ట్జ్ అలజడి. రిలీజ్ నెమ్మదిగా ఉంటే కెపాసిటర్ ఆ అలజడిని మింగేస్తుంది. వేగంగా ఉంటే గెయిన్ కూడా సెకనుకు 160 సార్లు ఊగుతుంది. 80 అలను 160 ఊగుడుతో గుణిస్తే వాటి కూడిక 240, తీసివేత మళ్లీ 80. ఆ 240 మూడో హార్మోనిక్ కాక మరేమిటి? డిటెక్టర్ అలలో ఒక్క సగాన్నే చూసే రకమైతే ఊగుడు 80 దగ్గర వచ్చి, 160 పుడుతుంది, అంటే రెండో హార్మోనిక్.

వేగమైన 1176లో అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు, రిలీజ్ 50 మిల్లీ సెకన్ల నుంచి 1.1 సెకన్లు. లోతైన మగ గొంతు మీద రెండూ వేగంగా పెడితే వచ్చే గరుకుదనం ఎఫ్ఈటీ ఒక్కదానిది కాదు, ఎక్కువ భాగం ఈ ఊగుడుది. ఆ పెట్టెలో నాబ్ కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది, మిగతా చాలా పెట్టెలకు ఇది తలకిందులు. సాయంత్రం అలసిపోయి మిక్స్ చేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఎల్‌ఏ-2ఏలో రిలీజ్ నాబే లేదు. తగ్గింపులో సగం సుమారు 60 మిల్లీ సెకన్లలో వదిలేస్తుంది, మిగతా సగం అర సెకను నుంచి 5 సెకన్ల దాకా లాగుతుంది. ఎంతసేపు, ఎంత గట్టిగా వెలుగు పడిందో ఆ రెసిస్టర్ గుర్తుపెట్టుకుంటుంది. చిన్న అరుపు పడితే వెంటనే తేరుకుంటుంది, సాగదీసిన ఆలాపన తర్వాత నిదానంగా. ఆ రెండు అంచెల రిలీజ్‌ను కాపీ కొట్టిన ప్లగిన్ ట్యూబ్ వంకర లేకున్నా ఎల్‌ఏ-2ఏలాగే అనిపిస్తుంది. ట్యూబ్ వంకర మాత్రమే కాపీ కొట్టి రిలీజ్ తప్పిన ప్లగిన్ అలా అనిపించదు.

అటాక్ సంగతి వేరు. అది హార్మోనిక్స్ కంటే దెబ్బ ఆకారాన్ని మారుస్తుంది. 30 మిల్లీ సెకన్ల అటాక్ పెడితే డప్పు మీద సిర్ర పడ్డ దెబ్బ మొత్తం దాటిపోయి, వెనక మోత మాత్రం తగ్గుతుంది: దెబ్బ ముందుకొస్తుంది. 1 మిల్లీ సెకను పెడితే దెబ్బ తల తెగి మోత పైకి లేస్తుంది: డప్పు దూరం జరిగినట్టు ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరపడేది, 1176 అటాక్‌ను నెమ్మది కొసకు తిప్పి దెబ్బ దాటిపోతుందనుకోవడం. దాని అతి నెమ్మది కూడా 0.8 మిల్లీ సెకన్లే.

సర్క్యూట్‌లో ఈ కాలాలన్నీ ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ గుణకారమే. 100 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ కలిస్తే 0.1 సెకను, ఆ సమయంలో 63 శాతం పని అవుతుంది. ఒక కంపెనీ 63 శాతానికి, ఇంకో కంపెనీ 10 డెసిబెల్స్ తేరుకోవడానికి కొలిచి అదే "రిలీజ్ టైమ్" అని రాస్తుంది. అందుకే ఒక పెట్టెలోని అంకె ఇంకో పెట్టెకు పనికిరాదు. అంకె చూసి కాదు, సూది చూసి పెట్టండి.

డిటెక్టర్ ఎక్కడి నుంచి వింటుందన్నది కూడా ముఖ్యమే. ఎల్‌ఏ-2ఏ, 1176 తమ అవుట్‌పుట్ వైపు నుంచి వింటాయి. అప్పటికే తగ్గిన సిగ్నల్ విని మళ్లీ తగ్గిస్తాయి కాబట్టి మెత్తగా పడతాయి. డీబీఎక్స్ 160 ఇన్‌పుట్‌ను నేరుగా వింటుంది, చెప్పిన రేషియో చెప్పినట్టు చేస్తుంది.

ఆరో మెట్టు: చెవితో పరీక్ష

ఒకే ధ్వనిని ఒక్క డెసిబెల్ పెంచి వినిపిస్తే చెవి పెంచినదాన్నే "బాగుంది" అంటుంది. కాబట్టి తగ్గినదాన్ని తిరిగి పెంచే మేకప్ గెయిన్‌ను సరిచేసి, బైపాస్ (కంప్రెసర్‌ను దారిలోంచి తప్పించడం) చేసినా చేయకున్నా సగటు లెవెల్ ఒకటే ఉండేలా పెట్టండి. లౌడ్‌నెస్ మీటర్ ప్లగిన్ ఉంటే అరడెసిబెల్ లోపు కలపండి. తర్వాత వెనక్కి తిరిగి కూర్చోండి, బైపాస్ బటన్ ఇంకొకరిని నొక్కమనండి. ఏది ఏదో చెప్పలేకపోతే ఆ రంగుకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఏడో మెట్టు: మన పాటల మీద

డప్పు. లావు సిర్ర, సన్నటి సిటికెన పుల్ల, రెండిటి సప్పుళ్లు వేరు. గట్టి దెబ్బకు కంప్రెసర్ లోనికి పోయి తేరుకోకముందే సిటికెన పుల్ల సప్పుడు వస్తే అది మింగుడుపడుతుంది. 60,000ను టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీ సెకన్లో వస్తుంది. 120 టెంపోకు 500, దాన్ని నాలుగు భాగాలు చేస్తే 125. రిలీజ్ దానికి కొంచెం లోపే ఉండాలి. వీసీఏ, అటాక్ 20 నుంచి 30 మిల్లీ సెకన్లు, రేషియో 4, తగ్గింపు 4 నుంచి 6 డెసిబెల్స్. ఇంకా ఒకటి: నిప్పు సెగ చూపించిన డప్పు చల్లారితే స్వరం దిగుతుంది. ఏ సర్క్యూట్ కూడా దాన్ని తిరిగి ఎత్తలేదు, టేకుల మధ్య మళ్లీ కాపించండి.

ఒగ్గు కథ గొంతు. మాటగా మొదలై కేకగా మారి మళ్లీ పాటలోకి దిగే గొంతుకు ఒక్క కంప్రెసర్ చాలదు. ముందు వేగమైన ఎఫ్ఈటీ, కేకల కొసలను మాత్రం 3 డెసిబెల్స్ పట్టుకునేలా. దాని తర్వాత ఆప్టో, మొత్తం మీద 3 నుంచి 5. వరస తిప్పి ఆప్టోను ముందు పెడితే ప్రతి కేకకూ అది లోనికి పోయి, తర్వాతి మాటలు రెండు మూడు సెకన్లు పల్చబడతాయి. కథకుడు, డోలు ఒకే మైక్‌లో ఉంటే డిటెక్టర్ వైపు 100 హెర్ట్జ్ కిందివాటిని ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టండి, లేదంటే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు ముడుచుకుంటుంది.

పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర. సొరకాయ బుర్రల్లోంచి వచ్చే ఆ సప్పుడు చిన్నది, మెట్టు మీద వేలి రాపిడి కూడా అందులో భాగమే. 10 డెసిబెల్స్ తగ్గించి 10 మేకప్ ఇస్తే ఫ్యాను, పక్కింటి బోరు మోటరు, కరెంటు హమ్ అన్నీ 10 డెసిబెల్స్ పైకి లేస్తాయి. మైక్ దగ్గరికి జరపండి, రేషియో 2, తగ్గింపు 2 లేదా 3 చాలు. డయోడ్ బ్రిడ్జి దీనికి వద్దు.

బతుకమ్మ పాట. చప్పట్లు గొంతులకంటే పదునుగా ఉంటాయి, వేగమైన కంప్రెసర్ ప్రతి చప్పట్టుకూ పాటను తొక్కేస్తుంది. ట్రాక్‌ను రెండుగా చేసి, ఒకటి అలాగే ఉంచి, రెండోదాన్ని ఆప్టోతో గట్టిగా నొక్కి కింద కలపండి.

ఎనిమిదో మెట్టు: సొంత ఆప్టో కట్టుకోవడం

టైమింగ్ రంగు అంటే ఏమిటో చేత్తో పట్టుకుని చూడాలంటే ఇదే దారి. విడిభాగాలన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలువే: టీఎల్072, ఎల్ఎం386 అనే రెండు యాంప్లిఫైయర్ చిప్పులు, ఒక ఎల్‌డీఆర్, రెండు ఎర్ర ఎల్‌ఈడీలు, 9 వోల్టుల బ్యాటరీ, వెరో బోర్డు, నల్ల హీట్ ష్రింక్ గొట్టం. ముందు బ్రెడ్‌బోర్డు మీద పని చేయించి, తర్వాత టంకం వేయండి.

బ్యాటరీకి అడ్డంగా రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు వరసగా పెడితే మధ్యలో 4.5 వోల్టులు వస్తాయి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్. దీన్ని బయాస్ అందాం. ఇన్‌పుట్ నుంచి 1 మైక్రోఫారడ్, దాని తర్వాత 10 కిలో ఓమ్, అది టీఎల్072 మూడో కాలుకు. ఆ కాలు నుంచి బయాస్‌కు ఎల్‌డీఆర్, దానికి సమాంతరంగా 1 మెగా ఓమ్. ఒకటి, రెండు కాళ్లు కలిపేయండి, అది బఫర్. ఒకటో కాలును ఐదో కాలుకు కలపండి. ఏడు, ఆరు కాళ్ల మధ్య 50 కిలో ఓమ్ పాట్‌ను (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) వేరియబుల్ రెసిస్టర్‌గా పెట్టి, ఆరో కాలు నుంచి 10 కిలో ఓమ్, 10 మైక్రోఫారడ్ వరసగా గ్రౌండ్‌కు. అదే మేకప్ గెయిన్, దాదాపు 15 డెసిబెల్స్ దాకా. ఏడో కాలు నుంచి 10 మైక్రోఫారడ్ ద్వారా అవుట్‌పుట్, అక్కడ గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్. నాలుగో కాలు గ్రౌండ్, ఎనిమిదో కాలు ప్లస్.

డిటెక్టర్ వైపు: ఒకటో కాలు నుంచి 1 మైక్రోఫారడ్ ద్వారా 10 కిలో ఓమ్ పాట్ పై కొసకు, కింది కొస గ్రౌండ్‌కు, మధ్య కాలు ఎల్ఎం386 మూడో కాలుకు. దాని రెండు, నాలుగు కాళ్లు గ్రౌండ్, ఆరో కాలు ప్లస్. ఐదో కాలు నుంచి 100 మైక్రోఫారడ్, 220 ఓమ్, తర్వాత రెండు ఎల్‌ఈడీలు ఒకదానికొకటి తలకిందులుగా సమాంతరంగా, అక్కడి నుంచి గ్రౌండ్. అలలో పై సగానికి ఒకటి, కింది సగానికి ఒకటి వెలుగుతుంది. ఐదో కాలు దగ్గరే 10 ఓమ్, 0.047 మైక్రోఫారడ్ వరసగా గ్రౌండ్‌కు పెట్టండి, లేకపోతే ఈ చిప్పు ఈల వేస్తుంది. టీఎల్072కూ, బయాస్ రెసిస్టర్లకూ ప్లస్‌ను 100 ఓమ్ ద్వారా ఇచ్చి, ఆ పక్కన 100 మైక్రోఫారడ్ వేస్తే ఎల్‌ఈడీల కరెంటు కుదుపు ఆడియోలోకి రాదు.

రెండు ఎల్‌ఈడీలు ఎల్‌డీఆర్ ముఖం వైపు చూసేలా పెట్టి నల్ల గొట్టంలో మూసేయండి, కాళ్ల సందులోంచి కూడా వెలుగు దూరకూడదు. క్యాడ్మియం సల్ఫైడ్ ఆకుపచ్చ వెలుగుకే ఎక్కువ స్పందిస్తుంది. కానీ ఇప్పటి తళతళలాడే ఆకుపచ్చ ఎల్‌ఈడీలు వెలగడానికి 3 వోల్టుల దాకా కావాలి, 9 వోల్టుల మీద ఎల్ఎం386 నుంచి అంత మిగలదు. ఎర్రవి 1.8కే వెలుగుతాయి, అందుకే అవి.

ఎల్‌డీఆర్ 10 కిలో ఓమ్‌లకు దిగితే 6 డెసిబెల్స్ తగ్గింపు, 3.3 కిలో ఓమ్‌లకు దిగితే 12. చీకట్లో మెగా ఓమ్ దగ్గర ఉంటే దాదాపు ఏమీ తగ్గదు. కట్టాక ఐదో మెట్టులోని 80 హెర్ట్జ్ పరీక్ష దీని మీద చేయండి. 240 దగ్గర ముల్లు ఎంత చిన్నగా ఉందో చూసి, తర్వాత మీ వేగమైన ప్లగిన్‌తో పోల్చండి. టోన్‌ను ఒక సెకను ఇచ్చి ఆపి, ఎంతసేపటికి తేరుకుంటుందో రికార్డు చేయండి. అదే టోన్ పది సెకన్లు ఇచ్చి మళ్లీ చేయండి. రెండు గీతలు ఒకేలా ఉండవు. అలాగే ఒకే పేరుతో అమ్మే ఎల్‌డీఆర్‌లు కూడా ఒకేలా ఉండవు కాబట్టి ఐదారు కొని, ఒక్కోటి పెట్టి చూసి, మీ గొంతుకు నచ్చినదాన్నే టంకం వేయండి.